కుక్కను పిడుదులు వదలడం లేదంటే ఇంటిని చూడండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైనది ఇది. మూడేళ్ల కుక్క. వారానికోసారి పిడుదుల షాంపూతో స్నానం చేయిస్తున్నారు, రోజూ సాయంత్రం ఒళ్లంతా వెతికి ఏరేస్తున్నారు. అయినా పది రోజులు తిరగకుండానే మళ్లీ మొదటికే వస్తోంది. నిన్న పడకగది గోడ మీద ఒకటి పాకుతూ కనిపించింది. ఇంట్లో పిల్లి కూడా ఉంది. చిట్టచివర, అప్పుడే గుర్తొచ్చినట్టు ఇంకో మాట రాశారు: రెండు రోజులుగా కుక్క సరిగా తినడం లేదని, ఎండల వల్ల కావచ్చని అనుకుంటున్నామని. నేను ఆ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ వారం ఆగినా ఆగుతాయి, అది మాత్రం ఆగదు.

ఈ రాత్రే దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపే మళ్లీ రంగు తేలాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపలి భాగం చూడండి. పాలిపోయినా, పసుపుపచ్చగా కనిపించినా అది మంచి గుర్తు కాదు. తర్వాత దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట చూడండి. గుండుసూది మొనతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు గానీ, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు గానీ ఉన్నాయా? మూత్రం రంగు ముదిరిందా? థర్మామీటర్ ఉంటే మలద్వారంలో పెట్టి జ్వరం చూడండి. కుక్కల ఒంటి వేడి మనకంటే సహజంగానే ఎక్కువ, 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండవచ్చు. అందుకే చేత్తో తాకి చూసి తేల్చుకోవద్దు. ముక్కు నుంచి రక్తం వచ్చినా, చిగుళ్లు తెల్లబడినా, మూత్రం కాఫీ రంగుకు మారినా తెల్లవారేదాకా ఎదురుచూడకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. అవేవీ లేకపోయినా రేపు రక్తపరీక్ష చేయించండి. పిడుదులు ఉన్న కుక్క రెండు రోజులు తిండి మానేసిందంటే, వేరే కారణం రుజువయ్యేదాకా నేను దాన్ని పిడుదుల జ్వరంగానే చూస్తాను.

ఈలోగా మనుషుల జ్వరం మాత్రలు వేయవద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క పొట్టను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిడుదుల జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు ముందే పడిపోయి ఉంటాయి కాబట్టి ఆ మాత్రల వల్ల రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.

నేను కుక్కల వైద్యంలో 22 ఏళ్లుగా ఉన్నాను. నా తొలి రోజుల్లో ఒక జర్మన్ షెపర్డ్‌ను తీసుకొచ్చారు. ముక్కులోంచి రక్తం కారుతోంది, ఎక్కడో గుద్దుకుని ఉంటుందని ఇంటివాళ్లు అనుకున్నారు. ఒంటి మీద వెతికితే ఒక్క పిడుదు కూడా లేదు. ఎప్పుడైనా ఉండేవా అని అడిగితే, ‘నాలుగు నెలల కిందట ఉండేవి, అన్నీ పోయాయి, అప్పుడు రెండు మూడు రోజులు నీరసంగా ఉండి తనే కోలుకుంది’ అన్నారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లతో పాటు ఎర్రకణాలు, తెల్లకణాలు కూడా అడుగంటి కనిపించాయి. ఎముకల్లోని మూలుగ పనిచేయడం మానేసింది. పన్నెండు రోజులు పోరాడాం, దక్కలేదు. ఆ రెండు మూడు రోజుల నీరసమప్పుడే వచ్చి ఉంటే మామూలు మాత్రలతో బతికేదని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. మీరు ‘ఎండ వల్ల కావచ్చు’ అని రాసిన చోట నాకు ఆ కుక్కే గుర్తుకొచ్చింది.

ఆ జబ్బు పేరు ఎర్లిచియోసిస్. ఎర్లిచియా కేనిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. దీన్ని 1935లో అల్జీరియాలో తొలిసారి గుర్తించారు. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు కుక్కలు వందల సంఖ్యలో ఈ జబ్బుతోనే పోయాయి. జర్మన్ షెపర్డ్ జాతిలో ఇది మరీ తీవ్రంగా వస్తుంది. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, నీరసం మొదలవుతాయి. చాలా కుక్కలు వాటంతట అవే తేరుకున్నట్టు కనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. సూక్ష్మజీవి ప్లీహంలో దాగి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండిపోయి, కొన్ని కుక్కల్లో మూలుగను దెబ్బతీశాకే మళ్లీ బయటపడుతుంది.

తొలిదశలో దొరికితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ బాగా పనిచేస్తుంది. సాధారణంగా 28 రోజులు ఇవ్వాలి. ఒకటి రెండు రోజుల్లోనే కుక్క లేచి తిరగడం మొదలుపెడుతుంది, దాంతో చాలామంది వారానికే మాత్రలు ఆపేస్తారు. దయచేసి ఆపవద్దు. అలాగని పాత మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని పరీక్ష లేకుండా మీరే మొదలుపెట్టవద్దు కూడా. అవే పిడుదులు బబేసియా అనే పరాన్నజీవిని ఎక్కిస్తాయి. అది ఎర్రకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. దానికి డాక్సీసైక్లిన్ ఒక్కటే చాలదు, మందు వేరు. పైగా బబేసియాలోనే రెండు రకాలకు రెండు వేర్వేరు చికిత్సలు. రెండు జబ్బులూ ఒకేసారి ఉన్న కుక్కలను కూడా చూశాను. కాబట్టి రక్తకణాల లెక్క, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం, వీలుంటే సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష అడగండి. తొలి రోజుల్లో యాంటీబాడీల పరీక్ష ‘లేదు’ అని చూపించవచ్చు, శరీరం వాటిని తయారుచేయడానికి సమయం పడుతుంది మరి. ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదన్న భరోసా లేదు. కొత్త పిడుదు కుడితే మళ్లీ రావచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంత చేస్తున్నా ఎందుకు పోవడం లేదు?

మీరు కుక్క మీద చూస్తున్నది అక్కడికి భోజనానికి వచ్చిన పిడుదులను మాత్రమే. వాటి కాపురం మీ ఇంట్లో ఉంది. గోడ మీద పాకుతున్నది కనిపించిందంటే అది దాదాపు కచ్చితంగా గోధుమ రంగు కుక్క పిడుదు, శాస్త్రీయంగా రైపిసెఫాలస్ సాంగ్వినియస్. చాలా రకాల పిడుదులు గడ్డిలో, పొదల్లో బతుకుతాయి. ఇది అలా కాదు, నాలుగు గోడల మధ్య తరాలు తరాలుగా బతకగలదు. రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బిన ఆడ పిడుదు కుక్క నుంచి రాలిపోయి, గోడ పగులులోనో, తలుపు చట్రం వెనకో, మంచం సందులోనో దూరి గుడ్లు పెట్టి చనిపోతుంది. ఒక్కో ఆడది 4,000 దాకా గుడ్లు పెట్టగలదు. రెండు నుంచి ఐదు వారాల్లో అవి పొదిగి, ఆరు కాళ్ల పిల్లలు బయటికొస్తాయి. ఇవి ఎంత చిన్నవంటే కుక్క వెంట్రుకల్లో దుమ్ము రేణువులా ఉంటాయి. మీరు రోజూ ఏరేటప్పుడు చేతికి దొరకనివి ఇవే. ఇవి కుక్కనెక్కి కొన్ని రోజులు రక్తం తాగి, రాలి, సందుల్లోకి వెళ్లి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల పిడుదులవుతాయి. మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ రాలుతాయి, పెద్దవవుతాయి, మూడోసారి ఎక్కుతాయి. ప్రతి దశలోనూ రాలి పడేది మీ ఇంట్లోనే. వెచ్చగా ఉంటే ఈ చక్రమంతా రెండు నెలల పైచిలుకులో పూర్తవుతుంది. కుక్క దొరకకపోతే ఒక్కో దశలో మూడు నుంచి ఐదు నెలలు రక్తం లేకుండానే ఎదురుచూడగలవు. అందుకే ‘నెల రోజులు ఊరికి వెళ్లి వస్తే చచ్చిపోతాయి’ అన్న ఆశ పెట్టుకోవద్దు.

పిడుదు ఎగరదు, దూకదు. ముందు కాళ్ల మీద ఉన్న ఒక అవయవంతో మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వాసనను, వేడిని పసిగట్టి పాకుతూ వస్తుంది. గోడలెక్కడం దీనికి అలవాటు, కనుక నేల ఒక్కటే తుడిస్తే సరిపోదు.

స్నానం విషయంలో మిమ్మల్ని నిరుత్సాహపరచక తప్పదు. షాంపూ ఆ గంటలో ఒంటి మీద ఉన్నవాటిలో కొన్నిటిని చంపుతుంది, కడిగేయగానే దాని ప్రభావం కూడా నీళ్లతో పోతుంది. రేపు గోడ పగులులోంచి వచ్చే పిడుదుకు దానితో పనిలేదు. మీకు కావలసింది వారాల తరబడి ఒంట్లోనో, చర్మం మీదో నిలిచి ఉండే మందు. ఎక్కిన ప్రతి పిడుదూ గుడ్లు పెట్టే దశకు చేరకముందే చావాలి. అలా జరిగితే మీ కుక్కే ఇంట్లోని పిడుదులన్నిటినీ ఒక్కొక్కటిగా తన మీదకు రప్పించి ఖాళీ చేస్తుంది. ఇది ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఇంట్లోనే కాపురం పెట్టిన పిడుదులకు నేను మొదట చూసేది నమిలే మాత్రలనే. అఫాక్సోలనర్, సరోలనర్, లోటిలనర్ నెలకోసారి ఇచ్చేవి. ఫ్లూరలనర్ మాత్ర సుమారు 12 వారాలు పనిచేస్తుంది. స్నానం చేయించినా వీటి బలం తగ్గదు, పిల్లలు కుక్కను ముద్దుచేసినా చేతికి మందు అంటదు. మందు కుక్క రక్తంలో ఉంటుంది కాబట్టి పిడుదు ఒకసారి కుట్టాకే చస్తుంది. అంటే జబ్బు సోకే అవకాశం చాలా తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ (ఫిట్స్) వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి. ఈ తరగతి మందుల వల్ల కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, మూర్ఛ రావచ్చని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకు ఇవి నిరపాయకరమే, నా సొంత కుక్కకూ ఇవే ఇస్తాను. మూర్ఛ చరిత్ర ఉన్నదానికి మాత్రం వేరే దారి చూస్తాను. బరువును బట్టి మాత్ర ఉంటుంది, కనుక అంచనాతో కాకుండా తూకం వేసి తీసుకోండి.

రెండో దారి మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు. ఫిప్రోనిల్ ఇలాంటిదే. ఇది చర్మంలోని నూనె గ్రంథుల్లో నిల్వ ఉండి మెల్లగా బయటికి వస్తుంది. వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజుల వరకు స్నానం వద్దు. మీరు ఇదివరకు ఈ మందు వాడి ఉండి, వారంవారం షాంపూ కూడా వాడి ఉంటే, మందు పనిచేయకపోవడానికి ఆ షాంపూ కూడా ఒక కారణం కావచ్చు. ఫ్లూమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిసిన మెడ బెల్టు ఏడెనిమిది నెలలు పనిచేస్తుంది. మెడకూ బెల్టుకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉంచి, చర్మానికి తగిలేలా కట్టాలి.

పశువుల కోసం అమ్మే గాఢమైన ద్రావణాలను ఎవరో చెప్పారని కొలత లేకుండా నీళ్లలో కలిపి పోయవద్దు. అలాంటి ద్రావణాల్లో ఉండే అమిట్రాజ్ అనే మందు విషమై, మగతలో పడి, గుండె వేగం తగ్గి, ఒళ్లు చల్లబడిన కుక్కలను అర్ధరాత్రి మోసుకొచ్చిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. కిరోసిన్ చర్మాన్ని కాల్చేస్తుంది, కుక్క నాకినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదకు వస్తుంది. వెల్లుల్లి తినిపిస్తే పిడుదులు రావంటారు. రావడం మానవు సరికదా, వెల్లుల్లి కుక్క ఎర్రకణాలను పగలగొడుతుంది, బబేసియా చేసే పనే అదీనూ. కర్పూరం, టీట్రీ నూనె కూడా కుక్కలకు విషమే. వేప నూనె రాస్తే కొన్ని పిడుదులు తప్పుకోవచ్చు, కానీ ఇంట్లో కాపురం పెట్టినవాటి మీద దానితో యుద్ధం గెలిచినవారిని నేను చూడలేదు.

రోజూ ఏరే అలవాటును మాత్రం వదలవద్దు, పద్ధతి సరిచేసుకుంటే చాలు. మొన సన్నగా ఉన్న ట్వీజర్ తీసుకుని, పిడుదు పొట్టను కాకుండా, చర్మానికి ఆనుకుని ఉన్న తల భాగాన్ని పట్టుకోండి. తిప్పకుండా, గుంజకుండా, ఒకే బలంతో నిదానంగా నిటారుగా పైకి లాగండి. కొన్ని క్షణాల్లో అదే పట్టు వదులుతుంది. నూనె పోయడం, నిప్పు తగిలించడం, పొట్ట నొక్కడం వద్దు. అలా చేస్తే దాని లాలాజలం, పొట్టలోనిది కుక్క ఒంట్లోకి వెనక్కి వెళ్లే ప్రమాదం ఉంది. నోటి ముక్క చర్మంలో విరిగిపోతే సూదితో తవ్వవద్దు, శరీరమే దాన్ని బయటికి తోసేస్తుంది. కుట్టిన చోట చిన్న గడ్డలా కొన్ని రోజులు ఉండటం మామూలే. తీసినదాన్ని గోటితో చిదమకండి, మూత ఉన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. నేల మీద వదిలితే కుక్కే తినవచ్చు. హెపటోజూన్ అనే మరో పరాన్నజీవి కుక్కకు సోకేది పిడుదు కుట్టడం వల్ల కాదు, పిడుదును మింగడం వల్ల. చెవి లోపలి మడతలు, వేళ్ల సందులు, మెడ బెల్టు కింద, చంకలు, గజ్జలు, తోక మొదలు, కనురెప్పల అంచులు ఇవన్నీ చూడాలి. ఒక మాట గుర్తుంచుకోండి, పొట్ట మీది చనుమొనలను, చర్మపు పులిపిర్లను పిడుదులనుకుని లాగినవారున్నారు. కాళ్లు కనిపిస్తేనే లాగండి.

ఇప్పుడు ఇల్లు. కుక్క పడుకునే చోటు నుంచి మొదలుపెట్టి బయటికి వెళ్లండి. పరుపు గుడ్డలన్నీ కనీసం 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకండి. చల్లటి నీళ్లలో ఉతికితే పిడుదులు బతికే బయటికొస్తాయి. వాక్యూమ్ క్లీనర్‌తో గోడా నేలా కలిసే అంచు, మంచాల సందులు, సోఫా అడుగు, తెరల మడతలు, గోడకు వేలాడే పటాల వెనక భాగం, పైకప్పు మూలలు పీల్చండి. లోపలి సంచిని వెంటనే మూతికట్టి ఇంటి బయట పారేయండి. వేడి ఆవిరి చిమ్మే పరికరం ఉంటే పగుళ్లకు అంతకంటే మంచిది లేదు. తర్వాత ఆ పగుళ్లను పూడ్చేయండి. చాలామంది వదిలేసే పని ఇదే. సందు లేకపోతే గుడ్లు పెట్టే చోటే ఉండదు.

గోడల మీద పాకుతున్నాయంటే మీ ఇంట్లో వాటి సంఖ్య ఇప్పటికే ఎక్కువ. అందుకే శిక్షణ ఉన్న పురుగుల నివారణ వారిని పిలవమంటాను. బొద్దింకలకు కొట్టే మందు కొట్టి వెళ్లిపోనివ్వకండి, కుక్క పిడుదులని స్పష్టంగా చెప్పండి, గోడల పైభాగం, పగుళ్లు చూపించండి. గుడ్లను మందు అంతగా చంపదు కనుక రెండు మూడు వారాలకు రెండోసారి రమ్మని అప్పుడే మాట తీసుకోండి. మందు పూర్తిగా ఆరేదాకా మనుషులు, జంతువులు ఎవరూ లోపల ఉండకూడదు. కుక్కకు మాత్ర వేయడం, ఇంటికి మందు కొట్టించడం ఒకే వారంలో జరగాలి.

పిల్లి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుక్కల చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. పిల్లి కాలేయం ఆ మందును విరగ్గొట్టలేక వణుకు, మూర్ఛలతో చనిపోవచ్చు. పిల్లికి వేయకపోయినా, మందు వేసిన కుక్కను ఆనుకుని పడుకున్నా, దాన్ని నాకినా చాలు. పిల్లి ఉన్న ఇంట్లో పెర్మెత్రిన్ వద్దే వద్దు. అమిట్రాజ్ కూడా వద్దు. పిల్లికి పిడుదులు కనిపిస్తే దానికంటూ వేరే మందు రాయించుకోండి.

ఇంట్లో మనుషులకు కుక్క నుంచి నేరుగా ఈ జ్వరం అంటదు. ఈ పిడుదుకు కుక్క రక్తమే ఇష్టం, కానీ సంఖ్య బాగా పెరిగినప్పుడు మనుషులనూ కుడుతుంది, రికెట్సియా అనే బాక్టీరియా జాతి వల్ల వచ్చే జ్వరాలను ఎక్కించగలదు. పిల్లల తలలో, చెవి వెనక చూస్తూ ఉండండి. ఎవరికైనా జ్వరం వస్తే ఇంట్లో పిడుదులున్న సంగతి వైద్యుడికి చెప్పండి.

మాత్ర వేశాక కూడా రెండు మూడు నెలలు అప్పుడప్పుడు పిడుదులు కనిపిస్తూనే ఉంటాయి. చాలామంది అక్కడే ‘మందు పనిచేయలేదు’ అని మార్చేస్తారు. కనిపించినవాటిని జాగ్రత్తగా చూడండి. చిన్నగా, బల్లపరుపుగా, కదలకుండా ఎండిపోయి ఉంటే అవి సందుల్లోంచి కొత్తగా ఎక్కి, కుట్టి, చచ్చినవి. మందు తన పని తాను చేస్తోందన్నమాట. బూడిద రంగులో ఉబ్బి, బతికి ఉన్నది దొరికితే మాత్రం మాత్ర వేసిన తేదీ, కుక్క బరువు, మాత్ర వేశాక వాంతి చేసుకుందా అన్న మూడూ సరిచూసుకుని వైద్యుడికి ఫోను చేయండి. ఆఖరి పిడుదు కనిపించిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు ఒక్క మోతాదు తప్పకుండా ఇవ్వండి, ఎందుకంటే గోడ సందులో ఆకలితో ఎదురుచూసే పిడుదు ఐదు నెలలైనా ఆగుతుంది.